కట్టాను

గుంజ నవ్వాడు. పెయింటరు తట్టుకోలేకపోయింది ఆ నవ్వునే. తిట్టినా, విసురుగా వెళ్లిపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

గురువారం పొద్దున్నే రంగుల దుకాణంలో జరిగిందది. పెయింటరు కౌంటరు చివర నిలబడి కుంచెలు ఒక్కొక్కటీ వేలితో వంచి చూసుకుంటున్నాడు. వెంట్రుకలు రాలే కుంచెల్ని దుకాణదారు మాటల్లో పెట్టి అంటగడతాడని అతనికి ఇరవై ఏళ్లుగా అనుమానం. ఇంతలో పెద్ద భవనాలకి రంగులు వేయించే మేస్త్రీ ఒకాయన వచ్చి, నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, రేపట్నించి నెల రోజుల పని అన్నాడు. బండిలోంచి రంగు డబ్బాలు దించుతున్న గుంజ చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"నేను వస్తానండి. పన్నెండేళ్లు అదే పని చేశాను."

మేస్త్రీ అతన్ని ఎగాదిగా చూశాడు. దుకాణదారు డబ్బా మూత బిగిస్తూ తలైనా ఎత్తలేదు.

"అతను పట్టుకుంటే పైనున్నవాడు కిందుంటాడు మేస్త్రీ గారూ. కావాలంటే అదుగో, వాళ్ల బావే ఉన్నాడు, అడగండి."

అక్కడున్న నలుగురూ గొల్లుమన్నారు. మేస్త్రీ కూడా నవ్వి, ఇంకెవరైనా ఉంటే చూడమని చెప్పి వెళ్లిపోయాడు. పెయింటర్ని నిజంగా ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో అతనికే తెలియదు. గుంజ వాళ్లతో పాటే నవ్వి, మిగిలిన డబ్బాలు దించి, వెళ్లేముందు ఒక్క క్షణం ఆగాడు.

"కాలెలా ఉంది బావా?"

"బాగానే ఉంది."

"కర్ర వదిలేశావే. మంచిది."

పెయింటరు తనకి అక్కర్లేని కుంచె ఒకటి కొనుక్కుని బయటపడ్డాడు. ఇంటికెళ్లాక చూస్తే దానికి వెంట్రుకలు రాలుతున్నాయి.

గుంజ అసలు పేరు ఇంట్లోవాళ్లు తప్ప అందరూ మర్చిపోయారు. నిచ్చెన కింద నిలబడితే పాతిపెట్టిన గుంజలా కదలడని ఆ పేరు పెట్టింది పెయింటరే. పెళ్లయిన కొత్తలో, తమ్ముణ్ణి ఏమన్నా అంటే ఉడుక్కునే భార్యని ఇంకాస్త ఉడికించడానికి. ఇప్పుడా భార్యే తమ్ముడి మాటెత్తితే మొహం తిప్పుకుంటోంది. మా ఇంటి గడప తొక్కొద్దని ఆసుపత్రి వరండాలోనే చెప్పేసింది.

కర్ర సాయంతో లేచి నడవడం మొదలుపెట్టిన దగ్గర్నించీ పెయింటరు చర్చి ఉన్న వీధి తప్పించి చుట్టుదారిన తిరుగుతున్నాడు. ఆదివారాలు కూడా పక్క గుమ్మంలోంచే లోపలికెళ్తాడు. ఇవాళ దుకాణం నించి వచ్చేటప్పుడు తొడ సలిపింది, అంత దూరం ఓపిక లేకపోయింది. తల దించుకుని చర్చి ముందునించే నడిచాడు. అయితే ఆ గోడ దించుకున్న తలకి కూడా కనబడుతుంది. మూడడుగుల అక్షరాలు, అవీ తన చేతివే. తలుపుకి పైన, పిట్టగోడ కింద, "భయపడకండి" అని నీలం రంగులో నిండుగా ఉంది. దాని పక్కన "నేను మీతో ఉన్నాను" అన్న మాటలు సుద్దగీతల్లోనే ఆగిపోయాయి. వానలకి ఆ గీతలూ సగం చెరిగాయి. ఎందుకు భయపడకూడదో చెప్పకుండా, దారినపోయే వాళ్లందర్నీ ఊరికే భయపడకండి అంటోంది ఆ గోడ.

ఆ "నేను" దగ్గరే అతను కిందపడ్డాడు.

నిచ్చెన మీద పని చేసేవాళ్లకి ఒక పద్ధతి ఉంది. పైకెక్కినవాడు నిచ్చెన తలని గోడకున్న కొక్కేనికి తాడుతో బిగించి, "కట్టాను" అని కేకేస్తాడు. ఆ కేక వినేదాకా కిందివాడు చెయ్యి తియ్యకూడదు. విన్నాక పట్టుకోనక్కర్లేదు. రంగు కలుపుకోవచ్చు, టీ తాగొచ్చు, బావని నాలుగు మాటలు అనుకోవచ్చు. ఆ రోజు పెయింటరు "కట్టాను" అన్నాడు, కట్టలేదు. రెండేసి అక్షరాలకి నిచ్చెన జరపాలి, జరిపినప్పుడల్లా తాడు విప్పి మళ్లీ కట్టాలి. చెయ్యి తిరిగిన పనివాడికి ఇదంతా ఏమిటనిపించింది. పొద్దున్నించీ ఒట్టి కేకలే వేశాడు. మధ్యాహ్నానికి నిచ్చెన పక్కకి జారింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. పరుగెత్తుకొచ్చిన వాళ్లు చూసింది ఒకటే. నిచ్చెన దగ్గర ఉండాల్సిన గుంజ పది గజాల దూరంలో, సామాన్ల పెట్టె దగ్గర, రంగు డబ్బాతో ఉన్నాడు.

వాడు వదిలేశాడు అన్నారు. పెయింటరుకి తెలివొచ్చేసరికే ఆ మాట గట్టిపడిపోయింది. అతను కాదనలేదు. మొదట నొప్పి, తర్వాత మందుల మత్తు, ఆ తర్వాత సిగ్గు. రోజు గడిచేకొద్దీ నోరు ఇంకాస్త బిగుసుకుంది. తాడు ఏమైందని ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని ఒక్కోసారి అనిపించేది, అడగనందుకు బతికిపోయాననీ అనిపించేది.

సాయంత్రం ఇంట్లో అతనికి ఇంకో ఉద్యోగం ఉంది. అత్తగారికి బైబిలు చదివి వినిపించడం.

ఆవిడ రెండు కళ్లకీ పొర కమ్మింది. ఆపరేషనుకి రమ్మని డాక్టరు మూడుసార్లు తేదీ ఇచ్చాడు. మూడుసార్లూ సరిగ్గా ముందు రోజే ఆవిడకి జలుబు చేసింది. ఈలోగా అల్లుడు కాలు విరిగి ఇంటిపట్టున పడ్డాడు కనుక, దేవుడు తనకోసమే ఒక చదివేవాణ్ణి పంపించాడని ఆవిడ నమ్మకం. కాలు విరక్కొట్టి పంపాలా అని అతనంటే, "మామూలుగా పిలిస్తే వచ్చేవాడివా?" అంటుంది.

ఆవిడ పద్ధతి ఆవిడది. ఇది చదువు, అది చదువు అని అడగదు. కీర్తనలు వరసగా రోజుకొకటి, నిన్నటిదాని తర్వాతది ఇవాళ. పెయింటరు బల్ల మీద సగం రాసిన నేమ్ బోర్డు పక్కకి జరిపి, పుస్తకం తెరిచి, ఇవాళ్టిది పైనుంచి కిందకి ఒకసారి కళ్లతో చూశాడు. మూడో వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. మెల్లగా కాగితం తిప్పి, తర్వాతది మొదలుపెట్టాడు.

"ఆగాగు," అంది అత్తగారు. "నిన్న ముప్పై ఒకటి చదివావు. ఇది ముప్పై మూడు. మధ్యలోది ఎలకలు కొట్టేశాయా?"

"కాగితాలు రెండు కలిసి తిరిగాయత్తయ్యా."

"అయితే విడదీసుకుని చదువు. నాకేం తొందర్లేదు."

కుట్టుమిషను తొక్కుతున్న భార్య నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వింది. పెయింటరు కాగితం వెనక్కి తిప్పాడు. ఒక మనిషి తన తప్పు లోపలే దాచుకున్నాడట. దాచుకున్నంతకాలం ఎముకలు అరిగిపోయినట్టుందట, పగలూ రాత్రీ ఒక బరువైన చెయ్యి మీద మోపినట్టుందట. చివరికి ఇక దాచను, చెప్పేస్తాను అనుకున్నాడట. పెయింటరు గొంతు ఎముకల దగ్గర గీరుకుపోయింది. అతుక్కున్న తొడ అప్పుడే మళ్లీ సలపడం మొదలుపెట్టింది, అడిగి మరీ చేసినట్టు.

"చెప్పేశాక ఏమంటాడో చూడు," అంది అత్తగారు, కళ్లు మూసుకునే. "దేవుణ్ణే నువ్వు నేను దాక్కునే చోటువి అంటాడు. అప్పటిదాకా దేవుడికే కనబడకుండా దాక్కున్నవాడు. నాకు భలే ఇష్టం ఈ పాట. నువ్వేమో దీన్నే మింగబోయావు."

శుక్రవారం మధ్యాహ్నం పాస్టరు గారు వచ్చారు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడే మనిషి. ప్రార్థన కూడా గట్టిగానే చేస్తారు, పక్కింటివాళ్లకి విడిగా చెయ్యాల్సిన పని ఉండదు. కుర్చీలో కూర్చుంటూనే పెయింటరు కాలి మీద ఒక చరుపు చరిచి, అది విరిగిన కాలని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నారు.

"కర్ర లేకుండా నడుస్తున్నావు. ఇంకెందుకు ఆలస్యం? ఈ ఆదివారం చర్చిలో అందరి ముందూ, దేవుడు నిన్నెలా కాపాడాడో సాక్ష్యం చెప్పాలి. చావులోంచి బయటపడ్డ మనిషివి, ఐదు నెలలైంది, మీ ఆవిడ చెప్పడమే గానీ నీ నోట ఎప్పుడు విన్నాం?"

"చెప్తారండీ," అంది భార్య లోపల్నించి, అతను నోరు తెరిచేలోపే.

భార్య చెప్పిన సాక్ష్యం అందరికీ కంఠతా వచ్చు. మనిషి చేతులు వదిలేసినా దేవుడి చేతులు వదల్లేదు అని ముగించింది ఆవిడ. చాలా మంది కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ మాట బాగుందని పాస్టరు గారు రెండు ప్రసంగాల్లో వాడారు. వాడినప్పుడల్లా చివరి బెంచీలో కూర్చున్న గుంజ అందరితో పాటు ఆమెన్ అన్నాడు. పెయింటరు విన్నాడు. వందమంది గొంతుల్లోనూ ఆ గొంతు అతనికి తెలుస్తుంది. పన్నెండేళ్లు కిందనించి విన్న గొంతది.

"ఇంకో సంగతి," అన్నారు పాస్టరు గారు. "గోడ మీది మాట సగంలో ఉంది. వచ్చేపోయేవాళ్లు రంగు అయిపోయిందా అని అడుగుతున్నారు. వేరేవాళ్లతో రాయిద్దామంటే నాకు మనసొప్పలేదు. సోమవారం ఎక్కగలవా?"

నిచ్చెనెక్కడం అన్న ఆలోచనకే పెయింటరుకి ఇప్పుడు భయం వేస్తోంది. గోడ కదిలినట్టు, కాళ్ల కింద ఏమీ లేనట్టు ఉంటుంది.

"కిందెవరు పట్టుకుంటారు?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

"ఎవర్నైనా చూద్దాం," అన్నారు పాస్టరు గారు. ఆ "ఎవర్నైనా"లో గుంజ లేడని ముగ్గురికీ తెలుసు. గోడకానుకుని వింటున్న అత్తగారికి ఇంకా బాగా తెలుసు. ఆవిడ లేచి, గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున భార్య కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. పెయింటరు పెరట్లో ఉన్న చిన్న నిచ్చెన తెచ్చి, గోడకి ఆనించి, రెండుసార్లు ఊపి చూశాడు. ఆరు మెట్లు. పిల్లలు ఎక్కి ఆడుకునేది. దేవా, ఈ భయం తీసెయ్యి అని గొణుక్కుంటూ ఒక మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. మూడో మెట్టు మీద మోకాళ్లు వణకడం మొదలైంది. నిచ్చెన కిర్రుమంది.

"మూడు," అంది అత్తగారు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. "ఇక దిగు నాయనా. చప్పుడు వింటే నాకే కాళ్లు వణుకుతున్నాయి."

అతను దిగి, కింది మెట్టు మీద కూర్చున్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

"ఐదు నెలలుగా అడుగుతున్నానత్తయ్యా. పోవట్లేదు."

"నేను మూడేళ్లుగా అడుగుతున్నాను. కంటి దగ్గరికి కత్తి తెస్తారంటే ఇప్పటికీ జలుబే చేస్తోంది." ఆవిడ ఒక కాయ వేళ్లతో తడిమి, పుచ్చు తగిలి పక్కన పడేసింది. "అయితే నేను దాచను. రోజూ చెప్తాను దేవుడితో, నాకు ఫలానా దానికి భయంగా ఉంది అని పేరు పెట్టి చెప్తాను. నువ్వేమని చెప్తున్నావు?"

"ఎత్తంటే భయం అని."

"మూడో మెట్టు ఎత్తా?"

ఆవిడ ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుంది.

"వాడు చిన్నప్పుడు నా కొంగు వదిలేవాడు కాదు," అంది. "ఆరేళ్లొచ్చినా అంతే. నీళ్లు తేవడానికి వెళ్తే కొంగు పట్టుకుని వెనకాలే. వదల్రా అని నేనే కొట్టేదాన్ని. వాడు వదిలేశాడని అందరూ చెప్తుంటే వింటున్నాను. అందరూ చెప్తున్నారు కదా, అయ్యుంటుందిలే అనుకోవాలని చూస్తున్నాను. మనసుకి పట్టట్లేదు."

కోపంగా అనలేదు. అడిగినట్టు కూడా అనలేదు. ఇంకో కాయ తీసుకుంది. పెయింటరు గొంతులోకి మాట వచ్చింది. వచ్చి, అక్కడే ఆగింది. ఆవిడకి ఇప్పుడు చెప్తే ఆవిడ క్షమించేస్తుంది. క్షమించి, గుట్టుగా ఉంచేస్తుంది కూడా. గుంజ మాత్రం రంగుల దుకాణంలో నవ్వుతూనే ఉంటాడు. చెప్పాల్సింది ఇక్కడ కాదని ఆ నిమిషంలో అతనికి తెలిసింది. తెలిసినందుకు ఇంకా భయం వేసింది.

ఆ రోజు ప్రార్థనలో నిచ్చెన సంగతి ఎత్తలేదు. దేవా, రేపు అందరి ముందూ నా పరువు పోతుంది, నాకు దానికి భయంగా ఉంది, అన్నాడు. పేరు పెట్టి చెప్పడం అదే మొదటిసారి.

ఆదివారం భార్య అతని చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసింది. చర్చి గుమ్మం దగ్గర అత్తగారు ఎప్పటిలాగే ఆగింది. గుంజ వచ్చి తల వంచాడు. ఆవిడ అతని మొహం తడిమి, గెడ్డం గీసుకోలేదని తిట్టి లోపలికొచ్చింది. భార్య ఎటో చూస్తూ నిలబడింది.

మూడో పాట తర్వాత పాస్టరు గారు పిలిచారు. పెయింటరు నాలుగు బెంచీల దూరం నడిచాడు. మైకు ముందు నిలబడి ఎదురుగా చూస్తే వంద మొహాలు. అన్నీ అప్పుడే జాలితో మెత్తబడి ఉన్నాయి. అతన్ని ప్రేమిస్తున్న మొహాలు. మరో మూడు నిమిషాల్లో ఎన్ని మిగులుతాయో అనుకున్నాడు. కాళ్ల కింద నేల కదిలింది. అచ్చం మూడో మెట్టు మీద కదిలినట్టే.

దాక్కునే చోటు. అత్తగారు కళ్లు మూసుకుని అన్న మాట గుర్తొచ్చింది. మైకు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను కట్టలేదు," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. పాస్టరు గారు అలవాటు కొద్దీ స్తోత్రం అన్నారు.

"నిచ్చెన పనిలో ఒక పద్ధతుంది. పైవాడు తాడు కట్టి, కట్టాను అని కేకేస్తాడు. అప్పుడు కిందివాడు వదలొచ్చు. ఆ రోజు నేను కట్టాను అని కేకేశాను. అబద్ధం. తాడు కొక్కేనికి తగిలించనే లేదు. పొద్దున్నించీ ఒక్కసారి కూడా కట్టలేదు. బద్ధకం. బద్ధకం కూడా కాదు, నాకెందుకులే అన్న పొగరు. రంగు డబ్బా తెమ్మని మా బావమరిదిని నేనే పంపించాను. తను చేసింది పద్ధతి ప్రకారం చేశాడు. తప్పు నాది. మీరందరూ తనని అంటుంటే ఐదు నెలలు విన్నాను. మా ఆవిడ అంటుంటే విన్నాను. నోరు తెరవలేదు. నాకు ఎత్తంటే భయం పట్టుకుందని ప్రార్థనలు చేశారు మీరు. నా భయం ఇది. దేవుడు నన్ను బతికించాడు, అది నిజం. బతికి నేను చేసింది ఇదీ." మైకు కడ్డీ వదిలాడు. "ఇంతే నా సాక్ష్యం."

వెనక బెంచీల్లో ఇద్దరు మేస్త్రీలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అప్పుడు ముందు బెంచీలోంచి ముసలి గొంతు ఒక్కటే, చర్చి అంతా వినబడేలా, "ఆమెన్" అంది.

భార్య లేచింది. పెయింటరు వైపు చూడలేదు. నడవా పొడుగునా నడిచి చివరి బెంచీ దగ్గర ఆగింది. గుంజ కంగారుపడి జరిగి చోటిచ్చాడు. తమ్ముడి పక్కన కూర్చుని, ఒక్క మాటైనా అనకుండా, అతని చొక్కాకి ఊడిపోయిన గుండీ చోట దారపు పోగు చూసి, దాన్ని వేలికి చుట్టుకుని తెంపింది. ఆ తర్వాత ఏడ్చింది.

పాస్టరు గారు పాట పాడదాం అన్నారు. ఏ పాటో చెప్పడం మర్చిపోయారు. సగం చర్చి ఒకటి ఎత్తుకుంది, సగం ఇంకొకటి. ఒక చరణం దాకా రెండూ నడిచాయి.

ఆరాధన అయ్యాక కొందరు వచ్చి చెయ్యి కలిపారు. కొందరు కలపలేదు. ఒక పెద్దాయన, నువ్వు చెప్పకుండా ఉంటే ఎవరికి నష్టం, అనవసరంగా అల్లరయ్యావు అన్నాడు. ఆ మాట ఐదు నెలలు తనకి తను చెప్పుకున్నదే కాబట్టి పెయింటరు ఊరుకున్నాడు. పెద్ద గుమ్మంలోంచి బయటికొచ్చాడు. ఆ గుమ్మంలోంచి రావడం ఐదు నెలల్లో ఇదే మొదలు. గోడ కింద గుంజ నిలబడి ఉన్నాడు.

"నన్ను కొట్టాలనుంటే కొట్టు," అన్నాడు పెయింటరు. "నేనేమీ అనను."

"నాకు తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"నువ్వు కట్టలేదని. తాడు నీ భుజానే ఉంది, చుట్ట విప్పకుండా. నువ్వు పడ్డాక నేనే తీసి పెట్టెలో పడేశాను, జనం రాకముందు."

పెయింటరు పక్కనున్న అరుగు మీద కూర్చున్నాడు.

"తీసి... ఎందుకు?"

"ఏమో. చేతులు ఆ పని చేసేశాయి. కట్టకుండా ఎక్కాడని తెలిస్తే మళ్లీ నీకు పనెవరిస్తారు? నాదేముంది, పట్టుకునేవాణ్ణి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పట్టుకుంటాను." గుంజ చెప్పుతో నేల గీశాడు. "అసలు పొద్దున్నే చూశాను నువ్వు కట్టట్లేదని. కిందనించి కనబడదా? చెప్దామంటే నాకు భయం. నువ్వేమో పెద్దవాడివి, నీకు పని నేర్పేదేంటి అంటావని. అందుకే వదల్లేదు."

"వదల్లేదా?"

"నువ్వు కట్టాను కట్టాను అని అరుస్తూనే ఉన్నావు. నేను పట్టుకునే ఉన్నాను. టీ కూడా తాగలేదు ఆ రోజు. నీలం డబ్బా తెమ్మని నువ్వు మూడోసారి తిట్టావు చూడు, అప్పుడొక్కసారి వెళ్లాను." తన చేతులకేసి చూసుకున్నాడు. "అప్పుడు వెళ్లకుండా ఉండాల్సింది. అందుకే వాళ్లు వదిలేశాడు అంటే నిజమేగా అనిపించేది. మరీ అబద్ధం కాదుగా."

పెయింటరు అతని చెయ్యి పట్టుకున్నాడు. అరచేతిలో నిచ్చెన ఒరుసుకున్న కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఇంత మంచివాణ్ణి తను నవ్వులపాలు చేశాడన్న బాధా, ఇంత మంచివాడు తనకి బావమరిది అయ్యాడన్న సంతోషమూ కలిసే వచ్చాయి. రేపు పనికి రా అన్నాడు. వస్తాలే అన్నాడు గుంజ.

సోమవారం పొద్దున్న ఇద్దరూ కలిసి నీలం రంగు కోసం వెళ్లేసరికే దుకాణంలో సంగతి తెలిసిపోయింది. "కట్టాను గారొచ్చారు," అన్నాడు దుకాణదారు. అందరూ నవ్వారు. ఈ పేరు ఇక వదలదని పెయింటరుకి తెలుసు. గుంజకి పేరు పెట్టినవాడు తనే కదా, ఇప్పుడు తనకీ ఒకటి వచ్చింది.

"అవును, కట్టాను గార్నే," అన్నాడు. "మేస్త్రీ గారు వస్తే చెప్పండి, నిచ్చెన పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి మనిషి దొరకడని. ఎవరు చెప్పారంటే నా పేరే చెప్పండి, కొత్త పేరు."

గోడ దగ్గర భార్య తల్లికి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. పాస్టరు గారు కాసేపు నిలబడి, చూడలేక లోపలికెళ్లిపోయారు. పెయింటరు తాడు చుట్ట భుజాన వేసుకుని కుంచె నోట కరుచుకున్నాడు. భయం పోలేదు. అక్కడే ఉంది, మొదటి మెట్టు మీదే ఎదురైంది. నాకు భయంగా ఉంది ప్రభువా అని చెప్పి రెండోది ఎక్కాడు. మూడో మెట్టు మీద మోకాలు వణికింది. వణుకుతున్న మోకాలితోనే నాలుగోది ఎక్కాడు. కింద అత్తగారు పైకే మెట్లు లెక్కపెడుతోంది. పద్నాలుగు దగ్గర ఆగింది.

కొక్కెం చేతికందింది. తాడు రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, ఇంకో ముడి వేసి, లాగి చూశాడు. నుదుటి చెమట కళ్లలోకి కారింది.

"కట్టాను," అని కేకేశాడు.

కిందనించి జవాబు రాలేదు. ఐదు నెలల్లో మొదటిసారి అంత ఎత్తునించి కిందకి చూశాడు. గుంజ ఒక కాలు కింది మెట్టు మీద వేసి, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని పైకే చూస్తున్నాడు.

"కట్టానురా. నిజంగా. చూడు," అని తాడు ఊపి చూపించాడు. "ఇక వదిలెయ్. డబ్బా అందివ్వు."

"విన్నాను బావా," అన్నాడు గుంజ.

చేతులు మాత్రం తియ్యలేదు. డబ్బాని ఇంకో తాడుకి తగిలించి పైకి పంపింది భార్య. పెయింటరు కుంచె ముంచి, చెరిగిపోయిన సుద్దగీతల మీద "నేను" మొదలుపెట్టాడు. మొదటి అక్షరం కాస్త వంకరపోయింది. తుడిచి మళ్లీ రాయొచ్చు. అలాగే ఉండనిచ్చి పక్క అక్షరానికి వెళ్లాడు.